రాష్ట్రపతి సంతకానికి ముందు

కొన్ని హైస్కూళ్ళ ఆఫీసు గదుల్లో అద్దం కట్టించిన సర్టిఫికెట్ ఒకటి గోడకు వేలాడుతుంటుంది. మధ్యలో ఒక విద్యార్థి పేరు, అడుగున భారత రాష్ట్రపతి సంతకం. వచ్చేపోయేవాళ్ళు దాన్ని చూసి "అబ్బ, ఎంత అదృష్టవంతుడో!" అని పోతుంటారు. ఆ ఒక్క సంతకానికి ముందు ఎన్ని సంతకాలు పడ్డాయో, అందులో ఏ ఒక్కటి తప్పినా ఆ అద్దంలో కాగితమే వుండేది కాదన్న సంగతి ఎవరికీ తట్టదు. ఈ వ్యాసం ఆ ముందరి సంతకాలను గురించి.

నాది పుంగనూరు పక్క ఒక పల్లె. సేద్యం మీద బతికే ఇల్లు. హైస్కూల్లో స్కౌటుగా చేరాను. 2020 మార్చిలో కరోనాతో బడులు మూతపడినప్పుడు నా ప్రయాణం తృతీయ సోపాన్ దగ్గర నిలిచిపోయింది. ఇప్పుడు డిగ్రీలో సైన్సు చదువుతూ రోవరుగా మళ్ళీ మొదలుపెట్టాను. "స్కౌటు అంటే ఖాకీ నిక్కరు, మెడకు గుడ్డ, అంతే గదా?" అని మన మిత్రులు చాలామంది అడుగుతుంటారు. అంతే కాదని చెప్పటానికి ఈ సంచికలో కాస్త చోటు అడిగి తీసుకున్నాను.

మదనపల్లె వాటా

మన ప్రాంతానికి ఈ కథలో ఒక వాటా వుంది. 1907లో బేడెన్ పవెల్ ఇంగ్లండులోని బ్రౌన్సీ దీవిలో మొట్టమొదటి స్కౌటు శిబిరం నడిపాడు. రెండేళ్ళు తిరగకుండానే, 1909లో, బెంగుళూరులో స్కౌటు దళం వెలిసింది. అయితే అది తెల్లవాళ్ళ పిల్లలకూ, ఆంగ్లో ఇండియన్ పిల్లలకూ మాత్రమే. మన పిల్లలను చేర్చుకోవటానికి అనుమతి లేదు. అంటే ఈ దేశంలో స్కౌటింగుకు సంబంధించిన మొదటి దరఖాస్తు తిరస్కరించబడిన దరఖాస్తే అనుకోవచ్చు.

1915లో మదనపల్లెలో కాలేజీ స్థాపించిన అనీబిసెంటు ఈ తిరస్కారాన్ని చూసి వూరుకోలేదు. 1916-17 ప్రాంతంలో జార్జి అరండేలుతో కలిసి మద్రాసు కేంద్రంగా భారతీయ బాలుర కోసం వేరే స్కౌటు సంఘం పెట్టారు. ఉత్తరాదిన శ్రీరాం బాజ్‌పాయ్, మదనమోహన మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ సేవాసమితి పేరుతో మరో సంఘం నడిపారు. 1921లో బేడెన్ పవెల్ ఇండియాకు వచ్చిన తరువాత అనీబిసెంటు సంఘం ఆయన సంఘంలో కలిసిపోయింది. స్వాతంత్ర్యం వచ్చాక 1950 నవంబరు 7న అప్పటికి మిగిలివున్న సంఘాలు ఏకమై భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడింది. 1951 ఆగస్టు 15న ఆడపిల్లల గైడు సంఘం కూడా వచ్చి చేరింది. అంతకు ముందు అన్నిటికన్నా పెద్ద హోదా పేరు కింగ్స్ స్కౌట్. రాజు పోయాడు, ఆ స్థానంలోకి రాష్ట్రపతి వచ్చారు.

ఒకప్పుడు పుట్టుకను చూసి వద్దన్న చోట, నేడు పేపర్లు సరిగా వుంటే చాలు ఏ పల్లెటూరి పిల్లవాడైనా రాష్ట్రపతి స్కౌటు కావచ్చు. అందుకే ఆ పేపర్ల సంగతి తెలుసుకోవటం అవసరం.

మెట్లు

పదేళ్ళు నిండిన పిల్లవాడు స్కౌటుగా చేరతాడు. మొదటిది ప్రవేశ్. ఆ తరువాత ప్రథమ సోపాన్, ద్వితీయ సోపాన్, తృతీయ సోపాన్. దాని మీద గవర్నరు పేర వచ్చే రాజ్య పురస్కార్. అన్నిటికన్నా పైన రాష్ట్రపతి పురస్కార్. ఆడపిల్లలకు గైడ్స్ విభాగంలో ఇవే మెట్లు.

మెట్టుకూ మెట్టుకూ నడుమ ఇన్ని నెలలు పనిచేసి తీరాలన్న నియమం వుంటుంది. ఎంత చురుకైనవాడైనా ఆ నెలలను ఎగరేసి దూకటానికి వీల్లేదు. ముళ్ళు వేయటం, గుడారం కట్టటం, దిక్కులు కనిపెట్టటం, పటం గీయటం, గాయానికి కట్టు కట్టటం, పొయ్యి పేర్చి వండటం, ఊళ్ళో సేవ చేయటం అన్నీ ఈ నెలల్లోనే నేర్చుకోవాలి. వీటికి తోడు ప్రావీణ్య బ్యాడ్జీలు. వంట, తోటపని, ప్రథమ చికిత్స, గ్రామసేవ, అక్షరాస్యత వంటివి. ఒక్కో బ్యాడ్జీకి ఆ పని తెలిసిన పరీక్షకుడు చూసి, "వీడికి వచ్చింది" అని రాసి ఇవ్వాలి.

తృతీయ సోపాన్ దాకా పరీక్షలు దాదాపు మన చుట్టుపక్కలే జరిగిపోతాయి. రాజ్య పురస్కారుకు రాష్ట్ర శాఖ నడిపే టెస్టింగ్ క్యాంపుకు పోవాలి. రాష్ట్రపతి పురస్కారుకు జాతీయ కార్యాలయం ఆధ్వర్యంలో క్యాంపు. అక్కడ కొత్త పరీక్షకులు కూర్చుని, పిల్లవాడి లాగ్ బుక్కు తిరగేసి, చేతికి తాడిచ్చి, ప్రశ్నలడిగి, చేసి చూపించమంటారు. నెగ్గినవాళ్ళందరూ ఢిల్లీకి పోయి స్వయంగా అందుకోవటం వుండదు గాని, సర్టిఫికెట్ మాత్రం రాష్ట్రపతి సంతకంతోనే వస్తుంది.

ఫైలు నడిచే దారి

ఇక కాగితం సంగతి. దరఖాస్తు స్కౌటు మాస్టరు దగ్గర మొదలవుతుంది. ఆయన ఫారం నింపించి, ఏ మెట్టు ఏ తేదీన పూర్తయిందో, ఏ బ్యాడ్జీ ఏ తేదీన వచ్చిందో రాసి సంతకం పెడతారు. తరువాత హెడ్మాస్టరు సంతకం, సీలు. అక్కడి నుంచి జిల్లా శాఖకు. జిల్లా శాఖ తన రిజిస్టరుతో సరిచూసి రాష్ట్ర శాఖకు పంపుతుంది. రాష్ట్రం నుంచి ఢిల్లీలోని జాతీయ కార్యాలయానికి. సభ్యత్వం నమోదు ఇటీవల కంప్యూటరు మీదికి వచ్చింది, ఒక్కో సభ్యుడికీ ఒక నంబరు కూడా ఇస్తున్నారు. అయినా దారి మారలేదు. కింద చూసినవాడు రాస్తాడు, పైన చూడనివాడు ఆ రాతను నమ్ముతాడు.

ఈ దారిలో ఒక్కో బల్ల దగ్గర ఒక్కో ప్రశ్న పుడుతుంది. వాటిని ముందే తెలుసుకుని వుంటే సగం చిక్కులు పోతాయి.

మొదటిది పేరు, పుట్టిన తేదీ. మన పక్క ఇంటిపేరు ఒక చోట పొడి అక్షరంగా, మరో చోట పూర్తిగా, ఒక చోట ముందు, ఒక చోట వెనక రాస్తాం. బడి రికార్డులో ఒకటి, ఆధారులో ఒకటి, స్కౌటు రిజిస్టరులో ఇంకొకటి. ముగ్గురూ ఒకడేనని ఊరంతా సాక్ష్యం చెప్పినా ఫైలు ఒప్పుకోదు. చేరిన నాడే మూడింటినీ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

రెండోది తేదీల వరుస. ప్రథమ సోపాన్ తేదీకీ ద్వితీయ సోపాన్ తేదీకీ నడుమ వుండవలసిన వ్యవధి వుందా? బ్యాడ్జీ తేదీ పై మెట్టు తేదీ కంటే ముందుందా, వెనకుందా? పైవాళ్ళు మొట్టమొదట చూసేది ఇదే. పిల్లవాడు కట్టిన వంతెన వాళ్ళకు కనపడదు, తేదీ కనపడుతుంది.

మూడోది దళం నమోదు. బడిలో స్కౌటు దళం వుంటే సరిపోదు, ఏటేటా రుసుము కట్టి సభ్యుల లెక్క పంపి దాన్ని రెన్యూవలు చేయించాలి. మాస్టరు కూడా శిక్షణ పొందినవారై, వారంటు గడువులో వున్నవారై వుండాలి. ఇవి రెండూ పిల్లవాడి చేతిలో లేని సంగతులు. చిక్కంతా ఇక్కడే వుంది. దీన్ని గురించి మళ్ళీ చెబుతాను.

నాలుగోది లాగ్ బుక్కు. ఏ రోజు ఏమి చేశారు, ఎక్కడ చేశారు, ఎవరు చూశారు అన్నది అందులో వుండాలి. మన సైన్సు విద్యార్థులకు ఇది కొత్త కాదు. ప్రాక్టికల్ రికార్డులో రీడింగులు ఆ పూటే రాసి, ఆ పూటే లెక్చరరుగారి చేత సంతకం పెట్టించుకుంటాం. ఏడాది చివర్లో ఒక్క రాత్రిలో ఒక్క సిరాతో రాసిన రికార్డును పరీక్షకుడు చూడగానే పట్టేస్తాడు. లాగ్ బుక్కుకూ అదే సూత్రం.

ఐదోది వయస్సు. స్కౌటు విభాగానికి వయోపరిమితి వుంది. ఎనిమిదో తరగతిలో తీరిగ్గా మొదలుపెట్టినవాడికి పై మెట్టు చేరేటప్పటికి కాలం చాలకపోవచ్చు. కాబట్టి ఆరో తరగతిలో చేరటం మేలు.

ఆరోది జిల్లా. ఇది మన ప్రాంతానికి ప్రత్యేకం. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయినప్పుడు మదనపల్లె రాయచోటి కేంద్రంగా ఏర్పడిన అన్నమయ్య జిల్లాలోకి వెళ్ళింది. పుంగనూరు, కుప్పం చిత్తూరు జిల్లాలోనే వుండిపోయాయి. ఆ తరువాత కూడా సరిహద్దులు కదిలాయి. పాత జిల్లాలో మెట్లెక్కిన పిల్లవాడి రికార్డు పాత చోట వుంటుంది, దరఖాస్తు కొత్త చోట పడుతుంది. ఫారం నింపే ముందు మీ బడి ఏ జిల్లా శాఖ లెక్కలో వుందో, పాత రికార్డు నకలు అక్కడికి చేరిందో లేదో కనుక్కోవాలి.

కుప్పం కుర్రవాడి సంగతి

ఇదంతా చదివి "ఫారాలే గదా, ఎవడో ఒకడు నింపుతాడులే" అనుకుంటారేమో. కాదు. నాకు తెలిసిన ఒక సంగతి చెబుతాను.

మా హాస్టలు గదిలో నాతో వుండే కుర్రవాడు కుప్పం పక్కవాడు. నాయన మల్బరీ తోట పెట్టి పట్టుపురుగులు మేపుతారు. ఇంట్లో తెలుగు, అంగట్లో అరవం, సరిహద్దు దాటితే కన్నడం, మూడూ గడగడా మాట్లాడతాడు. హైస్కూల్లో రాజ్య పురస్కార్ దాకా వచ్చాడు. మా పరిసరాల్లో వాడిలాగా తాడు ముడి వేసేవాణ్ణి నేను చూడలేదు. కళ్ళు మూసుకుని వేస్తాడు.

వాడి స్కౌటు మాస్టరుకు నడిమధ్యలో బదిలీ అయింది. వచ్చినాయన మంచివారే గాని స్కౌటు శిక్షణ లేనివారు. ఆ ఏడు దళం రెన్యూవలు కాలేదు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. పిల్లలు మాత్రం యథాప్రకారం ఆదివారం పూట చెరువుగట్టు మీద మొక్కలు నాటారు, జాతరలో నీళ్ళు పోశారు, ముసలివాళ్ళకు పింఛను ఫారాలు నింపి పెట్టారు. దరఖాస్తు వేళకు చూస్తే ఆ ఏడు లెక్కలోకి రాదన్నారు. చేసిన పని వుంది, చూసిన జనం వున్నారు, రాసిన పుస్తకం వుంది. దళమే ఆ ఏడు కాగితం మీద లేదు. మళ్ళీ నెలలు పూర్తిచేసేలోపు వాడికి వయస్సు దాటిపోయింది.

"నేను ఏంటికి తప్పినట్టు?" అని వాడు నన్ను అడిగాడు ఒకసారి. నా దగ్గర జవాబు లేదు. వాడు ఏదీ తప్పలేదు. బడినీ, ఆఫీసునూ పేరు పెట్టి నిందించటం నా వుద్దేశం కాదు. ఎక్కడైనా జరగగలిగిన సంగతి కాబట్టి చెప్పాను.

ఇన్ని సంతకాలు ఎందుకు?

ఈ సంగతి ఇంట్లో చెబితే మా అబ్బ ఒక ప్రశ్న వేశాడు. "స్కౌటుకు మొదటి నియమం ఏమిరా?" అన్నాడు. "స్కౌటు నమ్మదగినవాడు" అన్నాను. స్కౌటు నియమాలు తొమ్మిదిలో మొదటిది అదే. "మరి నమ్మదగినవాడు అని నేర్పించి, వాడి మాట నమ్మకుండా ఊరందరి చేతా సంతకాలు పెట్టించుకునేదేమి?"

ప్రశ్న సబబుగానే వుంది. చాలా రోజులు ఆలోచించాను. నాకు తోచిన జవాబు ఇది. సంతకం పిల్లవాణ్ణి అనుమానించటానికి పుట్టింది కాదు. పెద్దవాళ్ళను కట్టిపడేయటానికి పుట్టింది. మాస్టరు సంతకం పెట్టారంటే "నేను చూశాను" అని మాట ఇచ్చినట్టు. హెడ్మాస్టరు పెట్టారంటే "నా బడిలో ఇది జరిగింది, పూచీ నాది" అన్నట్టు. జిల్లా పెట్టిందంటే "దళాన్ని నేను సరిగా చూసుకున్నాను" అన్నట్టు. పిల్లవాడు తన ప్రమాణం చెరువుగట్టు మీద నిలబెట్టుకుంటాడు. పెద్దలు తమ ప్రమాణం ఫారం మీద నిలబెట్టుకోవాలి. ఫైలు ఎక్కడ ఆగిందో అక్కడ ఒక పెద్దమనిషి మాట ఆగిపోయిందన్నమాట.

రైతులకు ఇది చెప్పనక్కరలేదు. తరాలుగా దున్నుతున్న చేనైనా అడంగల్లో పేరు లేకపోతే అప్పు పుట్టదు, పంట నష్టం రాదు. మదనపల్లె మండీలో టమోటా క్రేట్లు దించిన రైతు ఆ పూట చీటీ రాయించుకోకుండా బండెక్కడు. మండీవాడు దొంగ అని కాదు, రేపు ఇద్దరికీ జ్ఞాపకం చాలదని. చెమట మనది, చీటీ కూడా మన చేతిలోనే వుండాలి. పట్నం పిల్లవాడికి చీటీ పోతే వెతికిపెట్టే మనుషులు వుంటారు. పల్లె పిల్లవాడికి ఆ చీటీ తప్ప ఇంకో దిక్కు లేదు.

అమెరికాలో ఈ హోదాకు సమానమైనది ఈగిల్ స్కౌట్. 1912లో మొదటి ఈగిల్ స్కౌట్ వచ్చాడు. అక్కడ స్థిరపడిన తెలుగువాళ్ళ పిల్లలు కూడా దీన్ని సాధిస్తున్నారు. 21 బ్యాడ్జీలు కావాలి. వూరికి పనికివచ్చే సేవా ప్రాజెక్టు ఒకటి సొంతంగా నడిపించాలి. గుర్తించవలసింది ఏమిటంటే, ఆ ప్రాజెక్టు పథకం రాసి, లబ్ధి పొందే సంస్థతో సహా అందరి ఆమోదం పని మొదలుకాక ముందే తీసుకోవాలి. పని అంతా పద్దెనిమిదో పుట్టినరోజు లోపల పూర్తికావాలి. తుది సమీక్ష మాత్రం పుట్టినరోజు దాటాక జరిగినా ఫరవాలేదు. పిల్లవాడి పనికి గడువు పిల్లవాడిది, పెద్దల కాగితాలకు గడువు పెద్దలది. ఈ తేడాను మనవాళ్ళు కూడా మనసులో పెట్టుకుంటే కుప్పం కుర్రవాడివంటివాళ్ళు నష్టపోరు.

దీనివల్ల వచ్చేదేమిటి?

ఈ ప్రశ్న మన ఇళ్ళల్లో తప్పదు. రైల్వేలో స్కౌట్స్ అండ్ గైడ్స్ కోటా కింద ఉద్యోగాలు వుంటాయి. దానికి రాష్ట్రపతి హోదా గాని, హిమాలయ వుడ్ బ్యాడ్జ్ గాని కావాలి. దానితోపాటు కొన్నేళ్ళుగా సంఘంలో చురుకుగా వున్నట్టు, రాష్ట్ర, జాతీయ స్థాయి కార్యక్రమాల్లో పాల్గొన్నట్టు సర్టిఫికెట్లు చూపించాలి. మన రాష్ట్రంలో ఇంజనీరింగు ప్రవేశాల్లోనూ స్కౌట్స్ అండ్ గైడ్స్ ప్రత్యేక విభాగం వుంది. పోస్టులు, సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ. వాటికోసమే చేరినవాడికి నిరాశ తప్పకపోవచ్చు. గాయపడ్డవాడికి కట్టు కట్టటం వచ్చినవాడికి మాత్రం ఆ విద్య ఎక్కడికీ పోదు.

మన కాలేజీలో చేయవలసింది

మిత్రులకు ముఖ్యంగా చెప్పదలచింది ఇది. స్కౌటు వయస్సు దాటిపోయినంత మాత్రాన తలుపు మూసుకోలేదు. కాలేజీ విద్యార్థులకు రోవర్ విభాగం, విద్యార్థినులకు రేంజర్ విభాగం వున్నాయి. ఇరవై ఐదేళ్ళ వరకు వ్యవధి. ప్రవేశ్, ప్రవీణ్, నిపుణ్, ఆ పైన రాష్ట్రపతి రోవర్, రాష్ట్రపతి రేంజర్. నేనూ, మా కుప్పం మిత్రుడూ ఈ దారిలోనే వున్నాం. ఈసారి వాడు మొదటి రోజే ఒక కొత్త నోటుబుక్కు కొని మొదటి పేజీలో మూడు గడులు గీశాడు. పని, తేదీ, చూసినవారి సంతకం. మూడో గడి నిండకుండా రాత్రి నిద్రపోడు.

లెక్చరర్లకు ఒక విన్నపం. శిక్షణ పొందిన ఒక్క అధ్యాపకుడు బదిలీ అయితే దళం మొత్తం కూలిపోకూడదు. కాబట్టి ఇద్దరు శిక్షణ తీసుకుంటే బాగుంటుంది. వేసవిలో కొన్ని రోజుల పని. రెన్యూవలు తేదీ, వారంటు గడువు తేదీ ఆఫీసు గోడమీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టించండి. బదిలీ మీద వెళ్ళేటప్పుడు ల్యాబు సామాను లెక్క అప్పగించినట్టే స్కౌటు రిజిస్టరు కూడా లెక్కగా అప్పగించి వెళ్ళండి.

పూర్వ విద్యార్థులకు ఇంకొకటి. మీలో డాక్టర్లు, వ్యవసాయాధికారులు, నర్సులు, పశువైద్యులు, అగ్నిమాపక దళంలో పనిచేసేవాళ్ళు వున్నారు. బ్యాడ్జీ పరీక్షకు ఆ పని తెలిసిన మనిషి కావాలి. మదనపల్లెలో దొరికినంత సులభంగా మా పల్లెలో ప్రథమ చికిత్స పరీక్షించే మనిషి దొరకడు. ఏడాదిలో ఒక్క ఆదివారం ఇవ్వండి. పిల్లలు చేసింది చూడండి. రాకపోతే రాలేదని చెప్పండి. వస్తే, తేదీ వేసి సంతకం పెట్టండి. ఆ పూటే పెట్టండి.